ఆరు నెలల తాళం

ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే మా అత్త ఎక్కేసి కిటికీ సీటు పట్టుకుంది. పట్టుకోనీ, డెబ్బై ఏళ్ల మనిషితో కిటికీ కోసం పోట్లాడతానా, కానీ ఈ యూరియా సంచి ఏమిటి, మూతికి పురికొస బిగించి తెచ్చి నా కాళ్ల దగ్గర కుక్కింది, ఇక నంద్యాల దాకా నేను మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని కూర్చోవాలి. నూనెపల్లెలో ఆమెకు చెల్లెలుంది, ఆ చెల్లెలికి సెనక్కాయలు అయ్యుంటాయి. అడగలేదు. అడిగితే మాట్లాడినట్టవుతుంది, మూడు రోజులుగా మాకు మాటల్లేవు. నేనేమన్నా చుట్టపుచూపుగా పోతున్నానా, పదిన్నరకు బస్సుల ఆఫీసులో శ్యాంసుందర్ సారు ముందర నిలబడాలి, ఆయన అద్దాల పైనుంచి చూస్తూ ఒక్కొక్క కాగితం అడుగుతాడు, నేను ఒక్కొక్కటి తీసివ్వాలి. మా ఆయన దేవరాజు మరణ ధ్రువపత్రం, ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఉంది. నా కోడలికి ఉద్యోగమిస్తే నాకు అభ్యంతరం లేదని మా అత్త ఉమామహేశ్వరమ్మ వేలిముద్ర వేసిన నోటరీ కాగితం, ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్, అసలుది, లేదు. ఈ ఒక్క లేదు దగ్గరే నా ఫైలూ నా బతుకూ ఆగిపోయాయి. సర్వీసులో ఉండగా పోయిన డ్రైవరు పెళ్లానికి కండక్టరు ఉద్యోగమిస్తామని ఉత్తరం పంపారు, పది పాసైన కాగితం చూపిస్తే చాలన్నారు, చూపించడానికి ఈ రోజే ఆఖరు. చూపించకపోతే ఈ దఫా జాబితాలో నా పేరుండదు, వచ్చే దఫా ఎప్పుడని అడిగితే సారు ఫ్యాను వైపు చూశాడు.

ఆ కాగితం చిరగలేదు, చెదలు తినలేదు. మా ఇంట్లోనే, లోపలి గదిలో, మంచం కింద, ఆకుపచ్చ రేకు పెట్టెలో ఉంది. కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. ఆ ఇంటికే పోకూడదు. ఆషాఢంలో ఒక పొద్దున డ్యూటీకని బూట్లు వేసుకుంటూ మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు దేవరాజు, నలభై మూడేళ్లు, ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. ఇంకా స్నానమైనా పోయించకముందే ఎవరో పంచాంగం తెప్పించారు, అయ్యవారు వేళ్లు మడిచి ధనిష్ఠ అన్నాడు. ధనిష్ఠా పంచకంలో పోయాడు గనక ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, దీపం పెట్టకూడదు, అడుగు పెట్టకూడదు, పెడితే ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతుంది. దేవరాజును వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టి, మమ్మల్నీ బయటికి రమ్మన్నారు. నేను మా అమ్మాయి దీపిక బడి సంచి, ఫోను చార్జరు తెచ్చుకున్నాను. మా అత్త రోటి పొత్రం తెచ్చుకుంది, రోలు లోపలే వదిలేసింది, ఆ పొత్రం నాలుగు నెలలుగా అద్దెగది మూలన పనీపాటా లేకుండా నిలబడి ఉంది. పెట్టె గుర్తుకు రాలేదా అంటే వచ్చింది, అబద్ధమెందుకు, గడప దాటుతుంటే ఒక్క క్షణం ఆ ఆకుపచ్చ రంగు కళ్లల్లో మెదిలింది. కానీ మొగుడు వాకిట్లో పడుకుని ఉంటే పెళ్లాం లోపల కాగితాలు వెతుక్కుంటోందని అనరా. అంటారు, నేనే అయితే అని ఉండేదాన్ని. తలుపుకు తాళం పడింది, తాళానికి అడ్డంగా తుమ్మకంప పడింది, తాళంచెవి మా అత్త కొంగున ముడిపడింది.

కండక్టరు వచ్చింది, చిన్నపిల్ల, ఇరవై ఆరో ఇరవై ఏడో, జేబు మీద ప్రవళిక అని పేరు. మా ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి రెండు జీరో టికెట్లు కొట్టింది. వెనక సీటులో గడివేముల పోవాల్సిన పెద్దాయన ఒకాయన, ఆడవాళ్లకేమో ఊరికే, మా వీపులకేమో వాతలు అని సణిగాడు. ఆమె తల కూడా తిప్పకుండా, రేపటినుంచి మీ ఇంటామెను పంపించి నువ్వు ఇంటికాడ వంట చెయ్యి పెద్దాయనా అంది, బస్సంతా నవ్వింది, పెద్దాయన కూడా నవ్వాడు. గడివేముల నా పుట్టిన ఊరే, నేను పది పాసైంది ఆ ఊరి బడిలోనే, వేరే రోజైతే ఎవరింటాయన అని అడిగేదాన్ని. ఇప్పుడు నా చూపంతా ఆ పిల్ల చేతుల మీదే ఉంది. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకోదు, తుంటిని సీటుకు ఆనించి నిలబడుతుంది, రెండు చేతులూ పని చేసుకుంటాయి. ఆ కిటుకు నేనూ నేర్చుకోవచ్చు. పైట తీసి కుర్తా వేసుకుని పైన ఖాకీ కోటు, జుట్టు ముడి, నా లావుకు ఆ కోటు గుండీలు పడతాయా, పడకపోతే కుట్టుకుంటాను. పొద్దున్నే దీపికకు డబ్బా కట్టి ఐదు గంటల బస్సుకు పోవాలేమో, పోతాను. జనంతో అరవాలేమో, అరవడంలో మా వంశంలో నన్ను మించినవాళ్లు లేరు, ఇంతకాలం ఆ విద్య ఇంట్లోవాళ్ల మీద వృథా చేశాను. నవ్వొచ్చింది, మళ్లీ కాళ్లకు ఆ సంచి తగిలి ఒళ్లు మండింది.

ఈ రోడ్డు దేవరాజుకు కంఠతా వచ్చు. ఎక్కడ గుంట ఉందో, ఏ మలుపులో గేదెలు అడ్డం వస్తాయో, ఏ ఊరి ముసలమ్మ చెయ్యెత్తకుండానే బస్సు ఆపాలో. కుడిచేతి వైపు నల్లమల దూరంగా మాతోపాటే పరుగెత్తుతోంది, ఇటు వరి పసుపు తిరుగుతోంది, అవతల నల్లరేగడిలో సెనగ మొలకలు లేచాయి, కార్తీకం ఎండ మెత్తగా ఉంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయన నడిపే బస్సులోనే నంద్యాల పోయాను. ముందు సీటులో కూర్చోబెట్టాడు, అద్దంలోంచి నన్నే చూస్తూ నడిపాడు, ఇట్లా నడిపితే మీరిద్దరూ సరాసరి పెద్దాసుపత్రికే పోతారని కండక్టరు తిట్టాడు. ఆయన పది తప్పాడు, రెండుసార్లు, లెక్కల్లోనే. పెళ్లిచూపుల్లో అందరూ పాట పాడుతుందా, వంట వచ్చా అని అడిగితే ఆయన అడిగింది ఒక్కటే, లెక్కల్లో ఎన్నొచ్చినాయి అని. డెబ్బై ఎనిమిది అంటే నోరు తెరిచాడు, మా ఇంటి గడప దాటేటప్పుడు కూడా తనలో తను డెబ్బై ఎనిమిది అనుకుంటూనే పోయాడంట. ఆ సర్టిఫికెట్ నేను పుట్టింటినుంచి అట్టపెట్టెలో వేసుకొస్తే దాన్ని తీసి ఏదో కవర్లో పెట్టి రేకు పెట్టెలో దాచింది ఆయనే. ఎందుకంత భద్రమంటే, మా ఇంట్లో పాసైన కాయితం ఇదొక్కటే గదా అన్నాడు. ఇప్పుడు ఆయన దాచిన దానికి ఆయన చావే అడ్డుపడింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక పక్కనున్న మనిషి మీద కోప్పడుతున్నాను.

పక్కనున్న మనిషి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది, ముంజేతుల మీద సన్నగా గీరుకుపోయిన గీతలు, వాటి మీద పసుపు. వంకాయలు కోసేటప్పుడు గీసుకుందేమో. పొద్దున పాలకని పోయి గంటకు వచ్చింది, పాలు తేలేదు, అయిపోయాయంది, ఆఫీసుకు నేనూ వస్తానంది, సంచి పట్టుకుని నాకన్న ముందే బస్టాండు దారి పట్టింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, నాకు ఉత్తమురాలయ్యే రాత ఎక్కడిది. మూడు రోజుల కింద అడిగాను, ఒక్క నిమిషం తాళంచెవి ఇయ్యి, కన్ను మూసి తెరిచేలోగా పెట్టె తీసుకొస్తాను అని. ఆమె పొత్రం వైపు చూస్తూ, మే హేమా, ధనిష్ఠ, ఇంట్లో ఆడపిల్లుంది, అంది. అంతే అంది. నేను మాత్రం నోటికొచ్చినవన్నీ అన్నాను, నీ మూఢనమ్మకం మాకు కూడు పెడుతుందా అన్నాను, నీ కొడుకు ఉద్యోగం నీ మొండితనంతో మట్టిపాలు చెయ్యి అన్నాను. ఆమె లేచి పోయి బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

కానీ ఒకటుంది, ఇది ఎవరికీ చెప్పలేదు. పోయినవారం నేను ఆ ఇంటికి పోయాను. పట్టపగలు, ఎవరూ లేనప్పుడు. మేము అద్దెకుండేది శిల్పులు రాళ్లు చెక్కే షెడ్డు వెనక, మా ఉతికిన బట్టల మీద కూడా రాతిపొడి పడుతుంది, అక్కడ ఉలీ సుత్తీ అడిగి తీసుకుని కొంగు కింద పెట్టుకుని పోయాను. ఒక్క దెబ్బ చాలు ఆ తాళానికి. అరుగు మీద దుమ్ము, దుమ్ములో పిల్లి అడుగులు, కిటికీ ఊచకు దేవరాజు ఆరేసిన తువ్వాలు అట్లాగే ఉంది. కంప పక్కకు లాగుదామని చెయ్యి పెట్టాను. పెట్టగానే దీపిక మొహం కనిపించింది. ఇదీ ఇప్పుడు పదే చదువుతోంది, రెండు జడలు, వాళ్ల నాయన ముక్కు. ఇంకొకరిని తీసుకుపోతుంది. నేను నమ్మను, నమ్మనని అందరితో గొడవపడతాను, కానీ దీపిక మొహం పెట్టి పందెం కాయమంటే నా వల్ల కాలేదు. ఉలి తీసుకుపోయి ఇచ్చేశాను. ఏమ్మా, దేన్ని చెక్కినావ్ అని శిల్పి జాషువా నవ్వాడు. అప్పటినుంచి ఆమెను తిట్టుకోవడం ఎక్కువ చేశాను, ఆమెను తిడుతున్నంతసేపూ నా భయం నాకు కనిపించదు గదా.

శిరివెళ్ల మెట్ట వచ్చింది, పోయింది. సారుకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాను. సార్, కాగితం ఉంది సార్, ఇంట్లో ఉంది. అయితే తేమ్మా. ఇంటికి పోకూడదు సార్. ఎందుకమ్మా. ధనిష్ఠ సార్. పోయినసారి ఇంతవరకూ చెప్పాను, ఆయన మంచివాడే, నవ్వలేదు, పెన్ను మూత పెట్టి, పోయిందని పోలీసుల దగ్గర రాయించుకుని బోర్డుకు పెట్టుకో అమ్మా, నకలు ఇస్తారు అన్నాడు. నకలు రావడానికి నెలలు పడుతుంది, అయినా పోలేదు గదా సార్, పోయిందని ఎట్లా రాయను. మనిషి పోయాడని రాయించడానికే నాకు మూడు రోజులు పట్టింది, మున్సిపాలిటీ కిటికీ ముందర నిలబడి చనిపోయిన తేదీ అని ఉన్న గడి నింపలేక కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను, మూడోనాడు దీపిక నింపింది, గుండ్రటి అక్షరాలతో, పరీక్షలో రాసినట్టు. కుటుంబ సభ్యుల కాగితంలో మా ముగ్గురి పేర్లే వచ్చాయి. నోటరీ దగ్గర మాత్రం మా అత్త ఇందులో ఏముందని కూడా అడగలేదు, వేలు చాచింది, ఉద్యోగం హేమకే అంటే ఊ అంది. అది గుర్తొచ్చి ఇప్పుడు ఆమె తల కిటికీ ఊచకు కొట్టుకోకుండా నా భుజం అటు జరిపాను. మాట్లాడలేదు, జరిపానంతే.

అయ్యలూరు మెట్ట దగ్గర కాలేజీ పిల్లలు బిలబిలమని ఎక్కారు. సందు లేదు. ప్రవళిక వచ్చి, అక్కా, ఈ సంచి ఎవరిది, లోపలికి జరపండి అంటూ వంగి లాగింది. లాగడమూ డ్రైవరు బ్రేకు వెయ్యడమూ ఒకేసారి అయ్యాయి, పురికొస తెగింది, సంచి నోరు తెరిచింది. సెనక్కాయలు రాలతాయని నేను కాళ్లు అడ్డం పెట్టాను. రాలినవి కాగితాలు. కరెంటు బిల్లులు, పసుపు అంచున్న మా పెళ్లి పత్రికలు, దీపిక పోలియో చుక్కల కార్డు, పత్తి విత్తనాల రసీదులు, ఎన్నేళ్ల కిందటివో క్యాలెండరు కాగితాలు, దేవరాజు తప్పిన పది హాల్‌టిక్కెట్లు రెండూ. వాటిమధ్యలో ఒక ఖాకీ చొక్కా. ఆకుపచ్చ పెట్టెలోవి. ఏమిటిది, ఇవి ఇక్కడికి ఎట్లా వచ్చాయని బుర్ర అడుగుతోంది గానీ చేతులు అప్పటికే కిందకు వంగాయి.

బస్సు బస్సంతా వంగింది. కాలేజీ పిల్లలు కాళ్ల కిందివి ఏరి పైకి అందిస్తున్నారు, గడివేముల పెద్దాయన కరెంటు బిల్లులన్నీ ఒక కట్ట చేసి రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, ప్రవళిక టికెట్ మిషన్ మెడకు వేలాడేసుకుని నాతోపాటు మోకాళ్ల మీద కూర్చుంది. ఏం కావాలక్కా అంది. పది సర్టిఫికెట్ అన్నాను. ఉద్యోగానికా. మీ ఉద్యోగమే అన్నాను. ఆమె డ్రైవరన్నా కొంచెం మెల్లగా పోనీ అని ముందుకు కేకేసి వెతకడం మొదలుపెట్టింది. ఇది కాదు, ఇది కాదు, ఇది యూరియా రసీదు, ఇది మా మామ పట్టాదారు పాసుపుస్తకం, ఇది దేవరాజు నాకు రాసిన ఒకే ఒక ఉత్తరం, తర్వాత, తర్వాత చదువుకుంటాను. సంచి అడుగుకు వచ్చేశాం. లేదు. లేదు అనుకుంటూ ఖాకీ చొక్కా మడత విప్పాను, అందులోంచి ఇంకా ఆయన వాసన వస్తోంది, డీజిలూ కొబ్బరినూనే, మడత మధ్య గట్టిగా ఏదో తగిలింది. ప్లాస్టిక్ కవరు. కవరు మీద డ్యూటీ కాగితాలు రాసే నీలం పెన్నుతో ఆయన కోడికాళ్ల అక్షరాలు: హేమ పది. తడపొద్దు.

తడిపేశాను. కవరు ఉంది గనక కాగితం తడవలేదు. ప్రవళిక కవరు తీసుకుని తన కోటుకు తుడిచి చూసింది, లెక్కల్లో డెబ్బై ఎనిమిదా అక్కా, నాకు నలభై ఒకటే వచ్చినాయి అంది.

మా అత్త ఎప్పుడో లేచింది. కిటికీకి ఆనుకుని ఈ గలాటా అంతా తనకేమీ సంబంధం లేనట్టు చూస్తోంది. ఆమె చేతుల మీది గీతలు చూశాను. వంకాయ ముళ్లు కావు, తుమ్మముళ్లు. మూడు రోజుల మౌనం నేనే విరిచాను.

"పొద్దన పాలకని చెప్పి ఆడికి పోయినావా అత్తా?"

"ఊ."

"ధనిష్ఠ అంటివి గదా."

"అంటి. నిన్ను పోవద్దంటి, దీపికను పోవద్దంటి. నన్ను పోవద్దని యెవరన్న్యారు?"

కొంగు తడి చేసి ఆమె ముంజేతి మీది పసుపు తుడిచి చూశాను, ఒక గీత లోతుగానే దిగింది. భయం కాలేదా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"భయమెందుకు మే. ఆ ఇంట్లో యెవురన్నా ఉంటే నా కొడుకే గదా ఉండేది."

ఆయన పోయిన రోజు కూడా నేను ఆమెను పట్టుకుని ఏడవలేదు, ఎవరి దుఃఖం వాళ్లం చెరో గోడకు చెప్పుకున్నాం. ఇప్పుడు ఇంతమంది ముందర ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, వదలబుద్ధి కాలేదు, ఆమె కూడా లాక్కోలేదు. కాసేపటికి తనే చెప్పింది, వచ్చేటప్పుడు తాళం మళ్లీ వేసిందంట, కంప మళ్లీ అడ్డం పెట్టిందంట, ఇంకా రెండు నెలలుంది గదా, నువ్వు మాత్రం అటు పోవద్దు అంది. అట్లాగే అన్నాను. నిజంగానే పోను. రెండు నెలలు అయినాక ముగ్గురం కలిసి పోతాం, రోటికి పొత్రం ఇస్తాం, నేను ఖాకీ కోటు వేసుకుని ఉంటానేమో.

నంద్యాల ఊళ్లోకి వచ్చాం. ప్రవళిక బస్టాండ్ బస్టాండ్ అని అరుస్తోంది, నేను మనసులో ఆమెతోపాటు అరిచి చూసుకున్నాను, నా గొంతే పెద్దది. గడివేముల పెద్దాయన కరెంటు బిల్లుల కట్ట లెక్కపెట్టినట్టు అప్పజెప్పాడు. కాగితాలన్నీ సంచిలో కుక్కాం, ఖాకీ చొక్కా మాత్రం మడిచి ఫైలు కింద పెట్టుకున్నాను, కవరు నా చేతిలో ఉంది. టైము పది దాటి ఐదు నిమిషాలు. దిగడానికి లేస్తూ అడిగాను.

"లోపలికి పోయి ఏం జేసినావ్ అత్తా?"

"ఏం జేసేది. పెట్టె తెరిస్తే అన్నీ కాయితాలే, నాకేమన్నా సదువొచ్చా? రేయ్ దేవా, నీ పెండ్లాం కాయితం యాడ పెట్టినావురా అని అడిగినా."

"ఏమన్న్యాడు?"

మా అత్త సంచిని ఎత్తి నా చేతిలో పెట్టింది.

"చెప్పింటే ఇంత మూట యెందుకు మోసుకొస్తా?"